సీసా పాలు తాగే బిడ్డ పాలు కక్కుతుంటే
(సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొదుపుల లెక్క, అప్పుల లెక్క విన్నాం. ఇప్పుడు కాసేపు మన ఇళ్లలోని పసిబిడ్డల సంగతి మాట్లాడుకుందాం. "తాగిన పాలన్నీ కక్కేస్తోంది, ఏం చేయాలి?" అని తల్లులు మమ్మల్ని తరచూ అడుగుతుంటారు. ముఖ్యంగా సీసా పాల మీద ఉన్న బిడ్డల తల్లులు.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే బిడ్డకు మేలు. ఇది మనందరికీ తెలిసిందే. కానీ తల్లి లేని మనవణ్ణి సాకుతున్న అమ్మమ్మలు మన సంఘాల్లో ఉన్నారు. జబ్బు చేసి పాలివ్వలేని తల్లులు ఉన్నారు. వాళ్లను ఎవరూ దెప్పిపొడవకూడదు. సీసా పట్టక తప్పని చోట సరిగ్గా పట్టడం నేర్పాలి.

అసలు బిడ్డ ఎందుకు కక్కుతుంది? గొంతు నుంచి పొట్టలోకి పోయే గొట్టం చివర మూతలా పనిచేసే కండరం ఉంటుంది. పసికందుల్లో అది ఇంకా గట్టిపడి ఉండదు. పైగా తాగేది పాలే, ఉండేది పడుకునే. అందుకే పాలు వెనక్కి వస్తాయి. ఇది దిష్టీ కాదు, తల్లి తప్పూ కాదు. చాలామంది పిల్లల్లో నాలుగో నెల ప్రాంతంలో ఎక్కువగా ఉండి, కూర్చోవడం వచ్చాక తగ్గుతుంది. ఏడాది నిండేసరికి దాదాపు పోతుంది.

సీసా బిడ్డకు మరో రెండు కారణాలు తోడవుతాయి. ఒకటి, సీసాలో మిగిలాయని అవసరానికి మించి పట్టేయడం. రెండు, పాలతోపాటు గాలి మింగడం. ఈ రెండూ మన చేతిలో ఉన్నవే.

ఎంత పట్టాలి? మొదటి వారం దాటాక బిడ్డ బరువులో కిలోకి రోజుకు సుమారు 150 మిల్లీలీటర్లు. 4 కిలోల బిడ్డకు రోజంతటికీ 600. ఎనిమిది సార్లుగా పడితే ఒక్కోసారి 75. కక్కే బిడ్డకు అవే 600 పది సార్లుగా, 60 చొప్పున పట్టి చూడండి. మొత్తం తగ్గించకూడదు, విడతలు పెంచాలి. బిడ్డ మొహం తిప్పుకుంటే ఆపేయాలి. కక్కిందని ఆ వెంటనే మళ్లీ సీసా నింపి పట్టొద్దు.

ఎలా పట్టాలి? తల ఎత్తుగా ఉండేలా ఒళ్లో పట్టుకోవాలి. పాలపీకలో గాలి లేకుండా పాలు నిండేలా సీసా వంచాలి. సీసా తలకిందులు చేస్తే పాలు చుక్కలుగా రాలాలి, ధారగా కారకూడదు. సూది కాల్చి పీక బెజ్జం పెద్దది చేయొద్దు. సీసాను దిండుకు ఆనించి బిడ్డను వదిలేసి పోవద్దు, పొరమారుతుంది. మధ్యలో ఒకసారి, అయిపోయాక ఒకసారి తేన్పు తీయించాలి. తర్వాత 20 నుంచి 30 నిమిషాలు భుజాన నిటారుగా ఎత్తుకోవాలి. పాలు తాగిన వెంటనే నూనె మర్దన, స్నానం, ఉయ్యాల ఊపడం వద్దు. మొలతాడు, లంగోటీ బిగుతుగా ఉండకూడదు. బిడ్డ ఉన్న గదిలో బీడీ, చుట్ట కాల్చనివ్వకూడదు.

కక్కే బిడ్డను బోర్లా పడుకోబెట్టాలని కొందరు పెద్దలు అంటారు. అది ప్రమాదం. నిద్రలో ఊపిరాడక ప్రాణం మీదికి రావచ్చు. వెల్లకిలా, చదునైన గట్టి పక్క మీద, దిండు లేకుండా పడుకోబెట్టాలి. వెల్లకిలా ఉన్నా, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ పాలు పైకి వస్తే మింగేస్తుంది, లేదంటే దగ్గి బయటికి తోసేస్తుంది.

పాలు కలపడంలో పొదుపు చేయొద్దు. డబ్బా ఖరీదైనదే, కాదనం. కానీ నాలుగు రోజులు ఎక్కువ రావాలని నీళ్లు ఎక్కువ పోస్తే బిడ్డ బరువు పడిపోతుంది. బలమని పొడి ఎక్కువ వేస్తే అదీ చేటే. డబ్బా మీద రాసిన కొలత, డబ్బాలోని చెంచాతోనే. నీళ్లు మరిగించి అరగంట లోపు, ఇంకా వేడిగా ఉండగానే పొడి కలపాలి. చల్లార్చి, ముంజేతి మీద చుక్క వేసి చూసి పట్టాలి. బిడ్డ తాగగా మిగిలినవి పారబోయాలి. సీసా, పీక కడిగి, నీళ్లలో మరిగించాలి. అంత శుభ్రం కుదరని ఇంట్లో చిన్న గిన్నె, చెంచా నయం.

పాలు చిక్కబడాలని బియ్యప్పిండి, బిస్కెట్టు కలపొద్దు. ఏడాది లోపు తేనె నాకించొద్దు. డాక్టరు చెప్పకుండా గ్రైప్ వాటర్, వాంతుల చుక్కలు వేయొద్దు. దుకాణంలో చెప్పారని వారానికో డబ్బా మార్చొద్దు. పాలడబ్బాలకూ పాలసీసాలకూ ప్రచారం చేయకూడదని 1992 నుంచీ చట్టమే ఉంది.

మరి కక్కుడు మామూలుదో కాదో ఎలా తెలుస్తుంది? మన పొదుపు పుస్తకంలాగే బిడ్డకూ ఒక లెక్క ఉంది. రోజుకు ఆరుసార్లకు తగ్గకుండా మూత్రం పోయాలి. మొదటి మూడు నెలల్లో రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల బరువు పెరగాలి. హుషారుగా ఉండాలి. ఈ మూడూ బాగుంటే, భుజాన గుడ్డ వేసుకుని తుడుచుకుంటే చాలు. ఆసుపత్రిలో కాన్పయితే ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వస్తుంది. బరువు తూయించండి. తర్వాత నెలనెలా అంగన్‌వాడీలో తూయించి కార్డులో రాయించండి.

కానీ ఈ గుర్తులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు:

పసరులా ఆకుపచ్చగా కక్కడం. రక్తం గానీ కాఫీపొడి రంగు గానీ కనబడడం. నెలా రెండు నెలల బిడ్డ పాలు పట్టిన ప్రతిసారీ దూరంగా చిమ్మినట్టు వాంతి చేసుకోవడం. పొట్ట గట్టిగా ఉబ్బడం. జ్వరం. మాడు లోతుకు పోవడం లేదా ఉబ్బడం. ఆరు గంటలకు పైగా మూత్రం లేకపోవడం. పాలు తాగకుండా మగతగా పడి ఉండడం. ఊపిరికి ఎగబోయడం, పెదాలు నీలంగా మారడం. వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

బరువు పెరగకపోయినా, మలంలో రక్తం, జిగట కనబడినా, ఆరు నెలలు దాటాక కక్కుడు కొత్తగా మొదలైనా పిల్లల డాక్టరుకు చూపించాలి. ఒక్కోసారి పాలే బిడ్డకు పడకపోవచ్చు. అప్పుడు ఏ పాలు పట్టాలో డాక్టరే చెప్పాలి.

అక్కల్లారా, "పిల్లలన్నాక కక్కరా" అనే మాట చాలాసార్లు నిజమే. ఆకుపచ్చ వాంతి అయిన రోజు మాత్రం అదే మాట బిడ్డను పోగొడుతుంది. ఆ తేడా తెలియడం ముఖ్యం. చార్జీలకు డబ్బుల్లేవని ఏ తల్లీ ఆగిపోకుండా ప్రతి గ్రామ సంఘం అత్యవసరానికి కొంత సొమ్ము చేతిలో ఉంచాలని కోరుతున్నాం. వచ్చే నెల సమావేశంలో, మీ ఊళ్లో ఆరు నెలల లోపు బిడ్డలున్న ఇళ్లెన్నో రాసుకోండి. ఆ ఇళ్లకు ఒక్కో సభ్యురాలు వెళ్లి ఈ గుర్తులు చదివి వినిపించాలి. అత్తలకు, అమ్మమ్మలకు కూడా.