పురుగు వాటా

సాంకేతికత, నగర జీవితం అనగానే మేడలూ ఫ్లైఓవర్లూ గుర్తుకు రావడం సహజం. నేను మాత్రం, లోపల ఏముందో కనిపించని వస్తువును నమ్మి బతకడమే నగర జీవితపు అసలు లక్షణం అనుకుంటాను. కుళాయి నీళ్లను ఎవరో పరీక్షించే ఉంటారని తాగేస్తాం. ఆ లెక్కన పల్నాడు పత్తి రైతు ఏనాడో నగరవాసి అయ్యాడు. నమ్మడంలో తప్పు లేదు. ఎందుకని అడిగే వీలు లేకుండా నమ్మమనడం తప్పు. అలా నమ్మించి చేతికిచ్చిన సాధనం చివరకు తానే పాడవుతుందన్నది నా వాదన.

మన గుంటూరు మిర్చియార్డునే చూడండి. పాత తక్కెడలో ముల్లు ఎటు ఒరిగిందో అమ్మేవాడికీ కొనేవాడికీ ఒకేసారి తెలిసేది. ఇప్పటి ఎలక్ట్రానిక్ కాటాలో అంకె ఒక్కటే కనిపిస్తుంది. దాని వెనక ఉన్నది తూనికలు కొలతల శాఖ వేసిన సీలు. 2016లో మొదలైన జాతీయ ఎలక్ట్రానిక్ మార్కెట్ ఈ-నామ్‌తో ధర కూడా తెర మీదికెక్కింది. పాత పద్ధతిలో కాయ విరిచి, వాసన చూసి, గుప్పిట్లో గింజ గలగలలాడించి ధర చెప్పిన చెయ్యి వ్యాపారిది, రైతుది కాదు. ఆ పెత్తనం తగ్గడం మంచిదే కదా అని మీరు అడగవచ్చు. మంచిదే, నేనూ ఒప్పుకుంటాను. అయితే ఆ చేతికి ఎదురు చెప్పే భాష రైతు దగ్గర ఉండేది. "తాలు ఎక్కడుందో చూపించు" అనేవాడు. తేమ మీటరు రెండంకెలు ఎక్కువ చూపిస్తే ఏమనాలి? సీజన్‌లో రోజుకు లక్షకు పైగా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దిగే యార్డులో ఒక్కొక్కరికీ వివరించే తీరిక ఎవరికుంటుందని కూడా అంటారు. కానీ రైతు కోరితే అతని ఎదుటే మచ్చు మళ్లీ తీసి చూపించడానికి పట్టేది నిమిషాలే.

పత్తిలో సంగతి ఇంకా లోతైనది. 1980లలో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ పురుగుమందులు లెక్కకు మించి వాడాక తెల్లదోమ విరుచుకుపడింది. రైతులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ గాయం తరువాత, కాయతొలుచు పురుగును మొక్కే చంపేలా తయారుచేసిన, 2002లో అనుమతి పొందిన బీటీ విత్తనం ఆశగా వచ్చింది. 450 గ్రాముల బీటీ గింజల ప్యాకెట్‌కు తోడుగా 120 గ్రాముల మామూలు పత్తి గింజల చిన్న సంచి ఉండేది. దాన్ని చేను చుట్టూ విత్తాలి. ఆ మొక్కల మీద బతికిన పురుగులు, బీటీని తట్టుకున్న కొద్దిపాటి పురుగులతో జతకడితే, పుట్టే సంతానం బీటీకి లొంగుతూనే ఉంటుంది. పురుగుకు కొంత పంట వదలడమే మిగతా పంటకు కాపలా అన్నమాట. ఈ ఉపాయం చాలామంది రైతులకు చేరలేదు. ఎందుకో తెలియక ఆ సంచిని పక్కన పడేశారు. గులాబీ రంగు పురుగు బీటీకి అలవాటు పడిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు గాని, పెద్ద కారణాల్లో ఒకటి.

రెండు రకాల గింజలూ ఒకే సంచిలో కలిపి ఇస్తే సరిపోతుంది, రైతుకు తెలియాల్సిన పనేముందని కొందరి సమాధానం. ఆ పద్ధతీ వచ్చింది. దాని వల్ల చేనుకు మేలు జరగవచ్చు, కాదనను. కానీ తెలియాల్సిన పని లేదన్న ఆ మాటనే నేను ఒప్పుకోలేను. రేపటి పురుగుకు రేపటి సంచి వస్తుంది. అప్పుడూ చేలో పురుగును ముందు చూడవలసిన కన్ను రైతుదే. ఏం చూడాలో చెప్పకుండా ఆ కంటిని ఎలా వాడుకుంటాం?

ఇక్కడ తప్పు శాస్త్రజ్ఞులది మాత్రమే కాదు, మాటలతో పని చేసే మనదీ. తాలు, టిక్కీ, తెల్లదోమ అని తమకు కావలసిన పేర్లు జనం పెట్టుకున్నారు. ఆ చిన్న సంచిని మాత్రం 'నాన్ బీటీ' అన్నారు. అది ఏది కాదో ఆ పేరు చెబుతుంది, ఎందుకు ఉందో చెప్పదు. శాస్త్ర గ్రంథాల్లో దానికున్న 'రెఫ్యూజియా' అన్న పేరు చేను గట్టు దాకా రాలేదు. వేరే ప్రాణికి వాటా వదలడం మనకు కొత్త కాదు; పిచ్చుకల కోసం వసారాలో వరికంకుల కుచ్చులు వేలాడదీసిన ఇళ్లు మనవి. 'పురుగు వాటా' అని ఆ సంచి మీద పెద్దక్షరాలతో అచ్చువేసి ఉంటే, ఎందుకని అడిగే రైతు ప్రతి ఊళ్లోనూ ఉండేవాడు.