రేపటి వైద్యశాలలో నర్సు స్థానము

బేగంబజారుకు సరుకు కొరకు పోవువారిలో చాలమంది గోషామహల్ పోలీసు మైదానము ప్రక్కగా పోవుచుందురు. ఆ మైదానములో 2025 జనవరి 31వ తేదీన ఉస్మానియా ఆసుపత్రి నూతన భవనములకు ముఖ్యమంత్రి శ్రీ రేవంత్‌రెడ్డి శంకుస్థాపన గావించిరి. 2,000 పడకల ఆసుపత్రి. దానితోపాటు నర్సింగు కళాశాలను కూడ అచ్చటనే నెలకొల్పవలెనని సంకల్పము. రోగుల బండ్లును, బజారు లారీలును ఒకే దారిన ఎట్లు సాగునని పరిసరములవారు కొందరు అభ్యంతరము చెప్పిరి. అంతస్తులెన్ని, పడకలెన్ని, వ్యయమెంత అను చర్చ విరివిగా సాగినది. ఆ పడకలలో పరుండినవారిని రాత్రి రెండు గంటలవేళ ఎవరు చూచుచుందురు, ఒక్కొక్కరు ఎందరిని చూడవలసి వచ్చును అను ప్రశ్న మాత్రము అంతగా వినరాలేదు. నా ప్రసంగము ఆ ప్రశ్నను గురించినది.

ఈ ప్రాంతమునకు వైద్యచరిత్ర క్రొత్త కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి అఫ్జల్‌గంజ్ ఆసుపత్రిని ముంచినపుడు, ఆ ఆవరణలోని చింతచెట్టు నెక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొనిరి. పిదప ఆ ఏటిగట్టుననే లేచిన భవనము మనమెరిగిన ఉస్మానియా ఆసుపత్రి. 2020 జులై వానలకు దాని వార్డులలో మురుగునీరు నిలువగా రోగులను పాతభవనమునుండి తరలించిరి.

పాత అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కాలముననే, 1888, 1889 సంవత్సరములలో, ఎడ్వర్డ్ లారీ అను వైద్యుడు హైదరాబాదులో క్లోరోఫారమును గూర్చి రెండు పరిశోధన సంఘములను నడిపించెను. మత్తు నిచ్చునపుడు రోగి నాడిని గాక ఊపిరిని కనిపెట్టియుండవలెనని ఆయన వాదము. గుండెకును ఆ మందువలన ఆపద కలదని తరువాతి శాస్త్రజ్ఞులు నిరూపించి ఆ వాదమును సవరించిరి. అయినను ఊపిరిని కనిపెట్టవలెనను మాట నేటికిని చెల్లుచునే యున్నది. ఆయన శిక్షణలో ఈ విద్య నేర్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచములోని తొలి మహిళా మత్తువైద్యులలో ఒకరుగా పేరొందిరి.

ఊపిరి మాట ఇచ్చట ఏల యనగా, నేడు వార్డులో దానిని కనిపెట్టు పని నర్సుది. రోగి పరిస్థితి విషమించుటకు కొన్ని గంటల ముందే ఊపిరివేగము హెచ్చుట తరచుగా కానవచ్చును. దానిని సరిగా లెక్కించుటకు రోగి రొమ్మును చూచుచు నిండుగా ఒక నిమిషము నిలువవలెను. 30 మంది ఉన్న వార్డులో ఒక్క నర్సు ఉన్నచో ఒక్కసారి ఊపిరి లెక్కించుటకే అరగంట పట్టును. మందులు, సెలైను సీసాలు, ఇంజక్షనులు, రిజిస్టర్లు, బంధువుల ప్రశ్నలు వేరే కాచుకొని యుండును. పక్షవాత రోగిని రెండుగంటల కొకసారి ప్రక్కకు తిప్పకున్న వీపున పుండ్లు పడును. అట్టి రాత్రి ఏదో ఒక పని తప్పిపోవును. అందరికంటె ముందు తప్పిపోవునది ఊపిరి లెక్కయే. ఇది అన్ని దేశములలోను ఉన్న జాడ్యము. రేడియో ఉద్యోగులమైన మాకును రాత్రి డ్యూటీ రుచి కొంత తెలియును. కాని మా కునుకుపాటువలన పాట ఆగునేగాని ప్రాణము పోదు.

ఇందుకు లెక్కలు కలవు. అమెరికాలోని పెన్సిల్వేనియా ఆసుపత్రులలో శస్త్రచికిత్స పొందినవారిని పరిశీలించి లిండా ఐకెన్ బృందము 2002లో ఒక వ్యాసము ప్రకటించినది. నర్సుకు ఒక్క రోగి అదనమైన కొలది, 30 దినములలో మరణము సంభవించు అవకాశము 7 శాతము చొప్పున హెచ్చినదని అందు తేలినది. 2014లో తొమ్మిది ఐరోపా దేశములలో పరిశీలించినపుడును అదే 7 శాతము కనబడినది. డిగ్రీ చదివిన నర్సులు ఎక్కువగా ఉన్నచోట మరణములు తక్కువ యని కూడ తెలిసినది.

మన సంగతికి వత్తము. బోధనాసుపత్రులలో ముగ్గురు రోగులకు ఒక నర్సు, సెలవుల నిమిత్తము 30 శాతము అదనము అని భారత నర్సింగు మండలి ప్రమాణము. వినుటకు ఘనముగానే యున్నది. దీనిని ఉద్యోగముల సంఖ్యగా గ్రహించినచో 2,000 పడకలకు సుమారు 670 మంది, అదనముతో 870 మంది కావలెను. కాని దినమునకు మూడు వేళల డ్యూటీలు కదా! కనుక ఏ వేళ జూచినను ఒక్కొక్క నర్సు చేతిలో తొమ్మిదిమంది యుందురు. ఇంటెన్సివ్ కేర్ వార్డులో ఒకరి కొకరు ఉండితీరవలెను గనుక, సాధారణ వార్డులలో ఆ తొమ్మిది ఇంకను పెరుగును. ప్రమాణమును తు.చ. తప్పక పాటించినప్పటి మాట ఇది.

యంత్రములు వచ్చునుగదా యని కొందరందురు. నిజమే. రొమ్మునకు అంటించిన చిన్న బిళ్ళ ఊపిరిని, గుండెను లెక్కించి, ప్రమాదమని తోచిన వెంటనే గంట మ్రోగించును. కంప్యూటరు ముందుచూపుతో ఏ రోగికి హాని రానున్నదో సూచించును. ఇవి కావలసినవే. కాని రోగి కదలినను, తీగ ఊడినను గంట మ్రోగును. మ్రోగిన గంటలలో చాలభాగము వట్టివి. గంటలు వినివిని చెవులు మొద్దుబారు ప్రమాదము కలదు. ఏది నిజమో చూచి, తీగ సవరించి, అవసరమైన డాక్టరును నిద్రలేపు మనిషి ఉండనే ఉండవలెను. యంత్రము వలన నర్సుకు రిజిస్టరు పని తగ్గి రోగి ప్రక్క నిలుచు కాలము పెరిగినచో లాభమే. యంత్రమున్నది గదా యని నర్సులను తగ్గించినచో ఆ లాభము పోవును.

వైద్యము ఆసుపత్రి గోడలు దాటి వచ్చుచున్నది కూడ. బేగంబజారులో దుకాణముల మీది అంతస్తులలో కాపురముండు వృద్ధులు గలరు; మూటలు మోసి నడుములు అరిగిన హమాలీలు గలరు. చక్కెరవ్యాధి, రక్తపోటు అనునవి ఒకనాడు నయమై పోవునవి కావు. ఏండ్ల తరబడి కనిపెట్టవలసినవి. 2018 నుండి నగరములో వెలసిన బస్తీ దవాఖానాలలో డాక్టరుతోపాటు ఒక నర్సు ఉందురు. మాత్రలు వేసుకొనుచున్నారా, పాదమున పుండు పడెనా, గతమాసము రానివారు ఏమైరి అని విచారించు పని నర్సమ్మ చేసినంత నేర్పుగా మరెవరును చేయజాలరు. ఆ పనికి తగిన అధికారమును, తీరికను ఆమెకు ఇయ్యవలసి యున్నది.

కాన్పుల విషయము ఇంకను స్పష్టము. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో 60.7 శాతము కాన్పులు కడుపు కోసి చేసినవే. దేశములో ఇంత హెచ్చు మరి యే రాష్ట్రములోను లేదు. దీనిని సవరించుటకు 2017లో ప్రభుత్వము యూనిసెఫ్, ఫెర్నాండెజ్ ఆసుపత్రుల తోడ్పాటుతో, కరీంనగరులో నర్సులకు 18 మాసముల మంత్రసాని విద్య ప్రారంభించినది. నొప్పులు పడు తల్లి ప్రక్క గంటలకొలది ఓపికగా కూర్చుండి, సహజముగా కాన్పు జరుగనిచ్చి, ఆపద తోచిన తక్షణమే డాక్టరును పిలుచుట వారి పని. మన అమ్మమ్మల కాలపు మంత్రసానికి శాస్త్రజ్ఞానము తోడైనదన్నమాట.

అయితే ఇట్టి నర్సులు మనవద్ద నిలుతురా? ప్రపంచ ఆరోగ్యసంస్థ 2025 నివేదిక ప్రకారము లోకములో 58 లక్షల నర్సుల కొరత కలదు. జర్మనీ పిలుచుచున్నది, జపాను పిలుచుచున్నది. తెలంగాణ ప్రభుత్వ సంస్థయే మన నర్సులకు ఆ భాషలు నేర్పించి పంపుచున్నది. పోవు పిల్లలను నిందించుట నాకు న్యాయముగా తోచదు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశము మీద ఏర్పడిన నిపుణుల సంఘము, 50 పడకలకు లోపు ప్రైవేటు ఆసుపత్రులలో సైతము నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనియు, 200 పడకలు దాటినచోట ప్రభుత్వ వేతనముతో సమానముగా ఉండవలెననియు చెప్పినది. దాని అమలు రాష్ట్రములకు వదలిరి. నాలుగేండ్లు చదివి, రాత్రులు మేలుకొని, ఇంటి అద్దె చెల్లింపలేని యువతికి బెర్లిను దూరమనిపించదు.

ప్రభుత్వము కొంత చేయకపోలేదు. ఇచ్చటికి సమీపముననే, లాల్‌బహదూర్ స్టేడియములో 2024 జనవరి 31న 6,956 మంది నర్సులకు ఒకేసారి నియామకపత్రములు అందజేసిరి. గోషామహల్ భవనములకు పునాది పడుటకు సరిగా ఏడాది ముందు. ఆ భవనములు ముగియునప్పటికి మరికొన్ని వందలమంది సిద్ధముగా నుండవలెను. బి.ఎస్సి. నర్సింగు నాలుగేండ్ల చదువు. ఆ వార్డులలో మొదటి రాత్రి డ్యూటీకి నిలువవలసిన విద్యార్థిని, విద్యార్థి, నేడే ఏదో ఒక కళాశాలలో చేరియుండవలెను.