నాలుగు గొంతులు – ఒక వాద్యం

మన వీణలాగే ల్యూట్ కూడా మీటి వాయించే వాద్యమే. పదహారవ శతాబ్దపు ఐరోపాలో, నలుగురు నాలుగు వరసల్లో కలిసి పాడే పాటను దానిమీద ఒక్కరే పలికించేవారు. ఆ మార్పు ఎలా చెయ్యాలో నేర్పుతూ, గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలీ 1568లో 'ఫ్రోనిమో' అనే గ్రంథాన్ని సంభాషణ రూపంలో ప్రకటించాడు.

పాటను ఆరు గీతలమీద అంకెలుగా రాసుకుంటారు. గీత ఏ తీగో చెబుతుంది, అంకె ఏ మెట్టో చెబుతుంది. అంతవరకు సులువే. చిక్కల్లా, గొంతు నిలిపిన స్వరం తీగమీద నిలవదు, ఇట్టే ఆరిపోతుంది. ఆ ఖాళీ పూడ్చాలని సంగతులు గుప్పిస్తే అసలు వరసే మునిగిపోతుంది. పైగా నాలుగు వరసల్లోని ప్రతి స్వరమూ వేళ్ళకు అందదు. కొన్ని వదులుకోక తప్పదు.

ఏవి వదలాలి? నాలుగు వరసలూ ముందు విడివిడిగా పాడుకున్నవారికే అది తెలుస్తుంది. పాడుకోకుండా వాద్యం పట్టుకుంటే వేళ్ళ విన్యాసం మిగులుతుంది గాని, పాట మిగలదమ్మా!