పిల్లల కీళ్ళు, పెద్దల వరసలు



మేట్టుపాళయంలో మన తెలుగు ఇళ్ళ పిల్లలు బడిలో తమిళం చదువుతారు. పెళ్ళి మాటలు మాత్రం ఇంకా తెలుగులోనే సాగుతాయి. అక్క కూతుర్ని చేసుకోవడం, అత్త కొడుక్కి ఇవ్వడం మనకు కొత్త కాదు. నేను మాట్లాడాలనుకున్నది ఆ వరసల గురించే.

ఈరోజు నర్సింగ్, ఫిజియోథెరపీ పట్టాలు అందుకున్న మీ దగ్గరికి రేపు ఒక పాప వస్తుంది. వేళ్ళ కణుపులు లావెక్కి ఉంటాయి, నడక కష్టంగా ఉంటుంది. కీళ్ళవాతమని ఏళ్ళ తరబడి మందులు మింగి ఉంటుంది. కానీ కీలు పట్టుకుంటే వేడి ఉండదు, మెత్తని వాపు ఉండదు, గట్టిగా ఎముకే తగులుతుంది. వాపును చూపే రక్తపరీక్ష ఈఎస్ఆర్ మామూలుగా ఉంటుంది. ఎక్స్‌రేలో వెన్నుపూసలు చదునుగా కనిపిస్తాయి. అప్పుడు ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా గుర్తుకు రావాలి. కీళ్ళవాతంలా కనిపించే ఈ ఎముకల జబ్బుకు విస్ప్3 అనే జన్యువు కారణమని 1999లో తేలింది. మన దేశపు కుటుంబాల్లో ఆ జన్యువును పరీక్షించి 2012లో ప్రచురించిన వాళ్ళలో హైదరాబాదులోని డీఎన్ఏ పరిశోధన కేంద్రం సీడీఎఫ్‌డీ శాస్త్రజ్ఞులున్నారు. ఈ జబ్బుకు కీళ్ళవాతం మందులు పనిచేయవు. ఆ పాప అన్నేళ్ళూ వాటిని ఊరికే మింగిందే అని నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ జన్యువుకు అమ్మ ఇచ్చిన ప్రతి, నాన్న ఇచ్చిన ప్రతి, రెండూ చెడితేనే ఈ జబ్బు. మేనమామ, మేనకోడళ్ళకు పుట్టిన బిడ్డలో ఏ జన్యువు రెండు ప్రతులైనా ఒకే పూర్వీకుడివి అయ్యే అవకాశం 8లో 1. బావామరదళ్ళ బిడ్డకైతే 16లో 1. చుట్టరికం లేకున్నా తరతరాలుగా కులంలోనే ఇచ్చిపుచ్చుకుంటే పాత పూర్వీకుడి జన్యువు రెండు వైపుల నుంచీ రావచ్చు.

అసలైన కీళ్ళవాతం దారి వేరు. అందులో ఎన్నో జన్యువులు తలా కొంచెం పాలు పంచుకుంటాయి. అచ్చుగుద్దినట్టుండే కవలల్లో ఒకరికి వచ్చినా రెండోవారికి రాకుండా పోవడమే ఎక్కువ. ఆ జన్యువుల్లో ఒకటైన హెచ్ఎల్ఏ బీ27 ఉన్న పిల్లవాడు మడమ నొప్పి అంటే నడుమునూ తుంటినీ కూడా చూడండి. వాపు వెన్ను అడుగు కీళ్ళకు పాకే ప్రమాదం అతనికి ఎక్కువ.

మళ్ళీ ఆ పాప దగ్గరికి వద్దాం. కేస్ షీట్‌లో అమ్మానాన్నల వరసకు గడి ఉండకపోవచ్చు. "పెళ్ళికి ముందు మీ ఆయన మీకు ఏమయ్యేవారమ్మా?" అని తెలుగులో, నెమ్మదిగా అడగండి. "ఇదంతా కోడలి వైపు నుంచి వచ్చింది" అని ఆ గదిలో అత్తగారు అంటే అక్కడే ఆపండి. రెండో ప్రతి కొడుకు ఇచ్చిందేనని ఆ అత్తగారికి అర్థమయ్యేదాకా చెప్పండి.