కారాగృహవిముక్తులును మనోవ్యాధిచికిత్సయు
(మహాసభయందు జేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను, వసతిగృహమును గూర్చి పెద్దలు ప్రసంగించిన యీ సభలో చెఱసాల మాట యెత్తుట కొందఱికి రుచింపకపోవచ్చును. అయినను మన యిండ్లలో చెఱసాల జూచినవారు గాని, మతి చలించినవారు గాని లేరని మన మెంతకాలము నటింపగలము?

1982వ సంవత్సరమున వీణాసేథీ వ్యాజ్యెములో సుప్రీముకోర్టువారు బీహారులోని హజారీబాగు చెఱసాలనుండి కొందఱు ఖైదీలను విడిపించిరి. మతి లేనివారని లోపల నుంచబడి, స్వస్థత చేకూరిన పిమ్మటను విడువబడక, కొందఱు 20 ఏండ్లకు మించి యచ్చటనే మగ్గిరి. దారిఖర్చులకును, ఒక వారము గ్రాసమునకును ధనమిండని కోర్టువారు ప్రభుత్వము నాదేశించిరి. ఎనిమిదవ దినపు భారమెవ్వరిది?

2017వ సంవత్సరపు మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దీనికి కొంత సమాధానము చెప్పినది. దాని 18వ సెక్షను ననుసరించి దారిద్ర్యరేఖకు దిగువనున్నవాడు, కార్డు చేతనున్నను లేకున్నను, ప్రభుత్వపు మానసిక చికిత్సాలయములలో కాసు చెల్లింపక చికిత్స పొందవచ్చును. 103వ సెక్షను రాష్ట్రమునకు కనీసమొక చెఱసాలయందైనను అట్టి చికిత్సాలయము నెలకొల్పుమన్నది. చెఱసాల వైద్యాధికారి మూడునెలల కొకమాఱు, ఇచ్చట మనోవ్యాధిగ్రస్తులు లేరని ధ్రువపఱచుచు నివేదిక పంపవలయునట! లేరని వ్రాయుట యెంత సులభము!

చట్టము మంచిదే. చిక్కంతయు ద్వారముకడ నున్నది. 2022వ సంవత్సరాంతమున మన దేశపు చెఱసాలలలో నూటికి సుమారు 76గురు విచారణఖైదీలు. వీరికి విడుదలదినము ముందుగా దెలియదు. జామీను ఉత్తరువు సాయంకాలము వచ్చును. రాత్రికి మనుష్యుడు వీధిలో నుండును. లోపల వైద్యుడిచ్చిన మందుచీటి వెంట రాకపోయినచో, మందు నాటితో నాగును. కొలదిదినములకే నిద్ర చెడును, అనుమానములు తిరుగబెట్టును, ఇంటిలో కలహము పుట్టును, పోలీసులు వత్తురు. ఉచితచికిత్స ఎఱ్ఱగడ్డలోను విశాఖపట్టణములోను గలదు. అచ్చటికి చేర్చు చేయి లేదు.

ఆ చేయి మన సంఘము కావలయునని నా విన్నపము. జామీను వ్రాయించు మన వకీళ్లు ఆనాడే మందుచీటి నకలును గూడ అడుగవలయును. వసతిగృహమున నొక గదిని పదిదినముల బసకై కేటాయింపవలయును. ఆసుపత్రికి వెంట బోవ నొకడును, బస్సుఖర్చును కావలయును. 2022 అక్టోబరులో నారంభమైన టెలీమానస్ వారి 14416 సంఖ్యను ఆ గదిగోడపై వ్రాయింపవచ్చును. ఇందుకు లక్షలు పట్టవు.

ఇట్టివారిని చేరదీసిన ఆడపిల్లల సంబంధములు చెడునని ఒక పెద్దలు నాతో ననిరి. వారి భయము నాకు దెలియును. కాని దాచియుంచిన కుమారుడు నడిరాత్రి వీధిలో దొరికిననాడు సంబంధములు నిలుచునా? గది మన కులమువారికే యనుటయు నాకు సమ్మతము గాదు. తలుపు తట్టినవాని గోత్రమడుగుచు గూర్చుండిన మందువేళ మించిపోవును.

రేపటి విషయనిర్ణయసభలో దీనిని తీర్మానముగా బ్రతిపాదింపనున్నాను. బలపఱచుటకు ఒక వకీలుగారును, ఒక వైద్యులును ఈ రాత్రియే తమ పేర్లు కార్యదర్శిగారికి తెలుపగోరెదను.