కనీస చెల్లింపు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగము)

బెంగళూరున కొత్తగా ఉద్యోగములందు కుదిరిన మన పిల్లల క్రెడిట్ కార్డులను మేము దూషింపము. గడువులోపల బాకీ యావత్తు తీర్చువారికి కొనుగోళ్లపై వడ్డీ లేదు. చిక్కంతయు బిల్లులోని "కనీస చెల్లింపు" అను మాటలోనే యున్నది. తఱచుగా నూటికి 5 రూపాయలు కట్టి నిశ్చింతగా నుందురు. మిగిలిన దానిపై పెక్కు కార్డులు నెలకు నూటికి 3 రూపాయలకు పైగా వడ్డీ పట్టును; ఆ వడ్డీపై 18 శాతము జి.ఎస్.టి. వేరు. పాతబాకీ నిలిచియుండగా కొన్న పప్పు బియ్యములకు సైతము కొన్ననాటినుండియే వడ్డీ నడచును. అంగడిలో మనము నూటికి రూపాయి వడ్డీకే రెండుమార్లు ఆలోచింతుము గదా! ఇంతకంటె వింత, కొందఱు ఏటికి 6, 7 శాతము వచ్చు బ్యాంకు డిపాజిట్టు నుంచుకొని ఈ బాకీ మోయుచున్నారు. ఆ డిపాజిట్టు విడిపించి బాకీ తీర్చవలెను. వచ్చు ఆదివారము పిల్లలు బిల్లులతో సంఘమునకు వచ్చినచో, కూర్చుండి లెక్క చూతము.