ఖడ్గమృగం తిరిగే నేల

(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)

 

"నీ ఉద్యోగం గురించి పది నిమిషాలు చెప్పు" అన్నారు కార్యదర్శి గారు. నాది లెక్కల ఉద్యోగం. ఆఫ్రికా దక్షిణ భాగంలోని అడవుల్లో నల్ల ఖడ్గమృగాలు ఎప్పుడు, ఎక్కడ కనిపించాయో కాపలా సిబ్బంది రాసి పంపుతారు. వాటిని పటం మీద చుక్కలుగా పెట్టి, ఒక్కో జంతువు ఎంత మేర తిరుగుతోందో తేలుస్తాను. ఆ మేరనే సంచార పరిధి అంటాం. ఆ పటాలు తెచ్చి చూపించమని కొందరు మిత్రులు అడిగారు. చూపించకూడదు. కొమ్ము కోసం చంపేవాళ్లకు కావలసింది సరిగ్గా ఆ చుక్కలే.

మన కాజీరంగాలోది ఒంటికొమ్ము ఖడ్గమృగం, అది ఎక్కువగా గడ్డి మేస్తుంది. ఆఫ్రికా నల్ల ఖడ్గమృగానికి రెండు కొమ్ములు. దాని పై పెదవి కొక్కెంలా వంగి ఉంటుంది, దాంతో పొదల కొమ్మలు అందుకుని కొరుకుతుంది. కాబట్టి అది ఎంత దూరం తిరగాలన్నది పొదలు ఎంత దట్టంగా ఉన్నాయి, నీళ్లు ఎంత దగ్గరలో ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది.

1960లలో జాన్ గొడ్డార్డ్ అనే శాస్త్రవేత్త టాంజానియాలోని గోరోంగోరో అగ్నిపర్వత బిలంలో ఈ జంతువులను గమనించాడు. కొమ్ము ఆకారం, చెవుల చిరుగులు, ముఖం మీది ముడతలు చూసి వందకు పైగా ఖడ్గమృగాలను విడివిడిగా గుర్తుపట్టాడు. అక్కడ ఒక్కోదాని పరిధి సగటున 15, 16 చదరపు కిలోమీటర్లు. అదే నమీబియా వాయవ్యాన ఉన్న కునేనే ఎడారిలో 500 చదరపు కిలోమీటర్లు దాటిన సందర్భాలున్నాయి. 2007లో ఏర్పడినప్పుడు గ్రేటర్ హైదరాబాద్ విస్తీర్ణం సుమారు 650 చదరపు కిలోమీటర్లు. దాదాపు అంత నేల ఒక్క జంతువు తిరగడానికి! రెండూ ఒకే జాతి జంతువులే, తేడా అంతా నేలలో ఉంది.

ఇక కాలాల సంగతి. సెరెంగెటిలో పది లక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్‌లు వానల వెంట ఏటా వలస పోతాయి. అదే నేల మీది నల్ల ఖడ్గమృగం వలస పోదు. తన పరిధిలోనే చోటు మారుతుంది. వానాకాలంలో ఎక్కడ చూసినా మడుగులు, లేత చిగుళ్లు, కాబట్టి నీటి గుంటను కనిపెట్టుకుని ఉండనక్కరలేదు. ఎండాకాలంలో రాత్రిపూట నీళ్లకు వస్తుంది, పగలు నీడన పడుకుంటుంది. కొన్ని చోట్ల ఎండాకాలంలో పరిధి నీటి చుట్టూ కుంచించుకుపోతుంది. మరికొన్ని చోట్ల దగ్గరి మేత అయిపోయి పరిధి పెరుగుతుంది. అన్ని చోట్లకూ ఒకే సూత్రం లేదు.

పరిధిని కొలవడంలోనూ ఒక చిక్కుంది. మన ఊరి రైతు ఒకాయన్ని తీసుకోండి. ఇల్లు, పొలం, చెరువు, పాలకేంద్రం, వీటి మధ్యే తిరుగుతాడు. ఏడాదికోసారి తిరుపతి వెళ్లొస్తాడు. ఆయన కనిపించిన చోట్లన్నిటికీ మేకులు కొట్టి, చివరి మేకుల చుట్టూ తాడు బిగిస్తే రెండు మూడు జిల్లాలు లోపలికొస్తాయి. అది ఆయన బతుకుతున్న చోటు అంటామా? పాత పద్ధతి ఈ తాడే. ఎన్ని ఎక్కువసార్లు చూస్తే తాడు అంత పెద్దదవుతుంది. ఎక్కడ ఎక్కువసేపు గడిపాడో దానికి ఎక్కువ విలువ ఇచ్చే పద్ధతులు తరవాత వచ్చాయి.

ఇది పండితుల వాదులాట కాదు. దక్షిణాఫ్రికాలోని హ్లుహ్లువే-ఇంఫొలోజి పార్కులో ఖడ్గమృగాల పరిధులు పెరిగిపోతున్నాయని ఒకప్పుడు ఆందోళన కలిగింది. పరిధి పెరిగిందంటే మేత తగ్గిందని, ఆ అడవి అన్ని జంతువులను మోయలేదని అర్థం చేసుకుంటారు. 2016లో వెలువడిన ఒక అధ్యయనం పాత, కొత్త లెక్కలను ఒకే పద్ధతిలో పోల్చి చూసి, ఆ పెరుగుదల నిజమనడానికి ఆధారం లేదని చెప్పింది. కొలిచే తీరు మారడం వల్ల అలా కనిపించిందన్నమాట.

ఆ లెక్క మీద ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి. 1970 ప్రాంతంలో సుమారు 65,000 ఉన్న నల్ల ఖడ్గమృగాలు 1995 నాటికి 2,500 కంటే తక్కువకు పడిపోయాయి. ఇప్పుడు 6,000 దాటాయి. కాపలాతో పాటు, నిండిన అడవి నుంచి కొన్నిటిని కొత్త చోటికి తరలించడం అందుకు ఒక కారణం. దక్షిణాఫ్రికాలో 2003 నుంచి ఇందుకోసమే ఒక ప్రాజెక్టు నడుస్తోంది. కొత్త చోట ఎన్నిటిని వదలాలి? పరిధిని తక్కువగా అంచనా వేసి ఎక్కువ జంతువులను వదిలితే అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయి. ఈ జాతిలో అలా చనిపోయేవి ఎక్కువ. పరిధిని ఎక్కువగా అంచనా వేస్తే మంచి అడవి ఖాళీగా పడి ఉంటుంది, దూడలు పుట్టవలసిన ఏళ్లు వృథా అవుతాయి. వానాకాలంలో చూసి లెక్క కట్టి ఎండాకాలానికి వదిలేస్తే ఇంకా ప్రమాదం. ఏ అడవైనా ఎన్నిటిని పోషించగలదో చెప్పేది దాని కరువు నెలలే.

మేష్టారూ, బహుభుజి వైశాల్యం చెబుతున్నప్పుడు "ఇది ఎందుకు పనికొస్తుంది సార్?" అని వెనక బెంచీలోంచి అడిగిన వాళ్లలో నేనూ ఉన్నాను. "ఎప్పుడో ఒకప్పుడు కొలవాల్సి వస్తుందిలేరా" అన్నారు మీరు. నేను చెప్పిన ఆ తాడు బహుభుజే. మీరు నేర్పిన పద్ధతిలోనే ఈ రోజుకీ దాని వైశాల్యం కడుతున్నాం.

ఇక్కడ చదువుతున్న పిల్లలకు ఒక్క మాట. ఎవరైనా మీకు ఒక అంకె చెబితే, అది ఏ నెలలో, ఎన్నిసార్లు చూసి, ఎలా కొలిచారో అడగండి. ఆ అలవాటు నాకు ఈ బడిలోనే అబ్బింది.